రెండో సీటులో బూడిద గుమ్మడికాయ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లోకంలో లేదని గట్టిగా నమ్మేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే ఆ నమ్మకానికే ముచ్చటేస్తుంది, ఒకసారి పోయాక అది మళ్ళీ దొరకలేదు మరి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ మూడో అంతస్తులో, కింద నుంచి వచ్చే మిర్చి బజ్జీల వాసనకీ పైనున్న ఫ్యాన్ల రొదకీ మధ్య నిలబడి, బ్యాంకు పరీక్షలకు తయారయ్యేవాళ్ళకు రీజనింగ్ చెప్పేవాణ్ణి. ఎనిమిది మంది గుండ్రటి బల్ల చుట్టూ కూర్చున్నారు, రవికి ఎడమ పక్కన సీత లేదు, సీతకు ఎదురుగా డాక్టరు ఉన్నాడు, అయితే లాయరు ఎక్కడ కూర్చున్నాడు? ఇలాంటి లెక్కలు నాకు మంచినీళ్ళ ప్రాయం. బోర్డు మీద ఒక సున్నా చుట్టి, అరనిమిషంలో ఎనిమిది మందినీ వాళ్ళ వాళ్ళ కుర్చీల్లో కూలేసేవాణ్ణి. నా వెనక పిల్లలు నన్ను 'కుర్చీల సారు' అనేవారట. (ఎదురుగా 'సార్' అనే అనేవారు, అంతవరకు నయం.) అలాంటివాణ్ణి, మా ఇంట్లో నలుగురిని ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియక మూడు నెలలు కొట్టుకున్నానంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం రాలేదు.

అప్పటికి మేం ముగ్గురమే. ఎల్.బి.నగర్‌లో ఒక సందులో, మూడో అంతస్తులో కిరాయికి ఉండేవాళ్ళం. నాది నల్లగొండ దగ్గర ఒక పల్లె, మా ఆవిడది బాపట్ల వైపు. మా కోచింగ్ సెంటర్లోనే ఇంగ్లీషు చెప్పడానికి వచ్చి, నా తెలుగును సరిదిద్దుతూ సరిదిద్దుతూ నన్ను పెళ్ళి చేసుకుంది. (తెలుగు ఇంకా సరికాలేదు.) మా మూడేళ్ళ కూతురు మాత్రం రెండు వైపులా మంచి పట్టు సంపాదించింది. ఏదైనా కావాలంటే అమ్మ భాష, మొండికేయాలంటే నా భాష. దాన్ని ఇంట్లో అందరం దొరసాని అనేవాళ్ళం, నేల మీద నడవడం తన హోదాకు తక్కువని దాని ఉద్దేశం కాబట్టి. క్లాసులు లేని సాయంత్రాలు దాన్ని భుజాల మీద ఎక్కించుకుని మెట్రో స్టేషన్ దాకా తీసుకెళ్ళేవాణ్ణి. కొబ్బరిబోండాల బండి పక్కన నిలబడితే, పైన రైలు వచ్చి ఆగడం, కాసేపటికి వచ్చిన దారినే వెనక్కి బయలుదేరడం కనిపించేది. మూడు డబ్బాల రైలు. మొదటి డబ్బా దొరసానిది, నడిమిది వాళ్ళమ్మది, ఆఖరుది నాది. ప్రతిసారీ అదే పంపకం, ప్రతిసారీ అదే సంతోషం. రెండు చేతులతో నా జుట్టు పట్టుకుని (అప్పట్లో పట్టుకునేంత ఉండేది) మడమలతో నా ఛాతీ మీద దరువేస్తూ కూర్చునేది. పదమూడు కిలోల పిల్ల. ఇంటికొచ్చేసరికి మెడ పట్టేసేది. ఆ మెడనొప్పి కోసం ఇప్పుడు ఏమైనా ఇస్తాను.

అంతలో మా ఆవిడకు మళ్ళీ నెల తప్పింది. ఈసారి కాస్త జాగ్రత్తగా ఉండాలనీ, బరువులు అస్సలు ఎత్తొద్దనీ డాక్టరమ్మ చెప్పింది. ఇంట్లో ఉన్న బరువుల్లో మొట్టమొదటిది దొరసానే కదా. చేతులు చాపుకుంటూ పరుగెత్తుకొచ్చిన పిల్లను "వద్దమ్మా, కడుపులో తమ్ముడున్నాడు, అమ్మ ఎత్తుకోకూడదు" అని పక్కన కూర్చోబెట్టుకోవాల్సి వచ్చేది. (తమ్ముడే అని ఎవరూ చెప్పలేదు. చెప్పరు కూడా. దొరసానే తేల్చేసింది.) నాలుగు రోజులు చూసింది, ఐదో రోజు చేతులు చాపడం మానేసింది. ఆ సాయంత్రం నా భుజాల మీద కూర్చుని ఒక రైలు పోనిచ్చింది, ఇంకో రైలు పోనిచ్చింది, డబ్బాలు పంచలేదు. మూడో రైలు వచ్చాక మెల్లగా అడిగింది.

"నాన్న, తమ్ముడొస్తే వానికి ఏ డబ్బా?"

"నా డబ్బాల, నా ఒళ్ళె కూసుంటడు తియ్యి."

"నీ ఒళ్ళె నేను కూసుంట గద. మరి నన్ను దిగుమంటవా?"

పిల్ల ముఖం నాకు కనిపించడం లేదు, జుట్టు మీద పట్టు మాత్రం బిగిసింది. ఎనిమిది మందిని అరనిమిషంలో కూర్చోబెట్టే మనిషిని, ఇంకో రైలు వచ్చి పోయేదాకా సీట్లు లెక్కపెట్టాను. చివరికి, "నిన్నెవరు దిగుమంటరు బిడ్డా? మీ ఇద్దరికి రెండు సీట్ల బండి కొంట. ఒకటి నీది, ఒకటి తమ్మునిది. నీయంతట నువ్వు దిగుత అనేదాక నిన్నెవ్వరు దింపరు" అన్నాను. "ఒట్టు?" అంది. "ఒట్టు" అన్నాను. పిల్లల్ని కూర్చోబెట్టి తోసుకెళ్ళే బండ్లలో అలాంటి రెండు సీట్లది ఎక్కడైనా ఉంటుందో లేదో కూడా అప్పటికి నాకు తెలియదు.

ఉంది. ఒకటి కాదు, లెక్కలేనన్ని ఉన్నాయి, అక్కడే వచ్చింది చిక్కు. నేను మూడు పేజీల పట్టిక గీశాను. తూకం, వెడల్పు, పొడవు, చక్రాలు, బెల్టులు, ఎండకు గొడుగు, మడిస్తే మంచం కిందకు పోతుందా లేదా. ఫోనులో వీడియోలు చూశాను. వాటిలో తెల్లవాళ్ళు నున్నటి రోడ్ల మీద, చెట్ల నీడన, ఒక చేత్తో కాఫీ పట్టుకుని ఇంకో చేత్తో బండి తోసుకుంటూ పోతుంటారు. మా సందులో రెండు చేతులతో తోసినా మూడోది కావాలి, ఆవును అదిలించడానికి. దర్జీ దగ్గర టేపు తెచ్చి గేటు కొలిచాను, లిఫ్టు తలుపు కొలిచాను, చివరికి కూర్చున్న దొరసానిని కూడా కొలిచాను. మా ఆవిడ మంచం మీద దిండుకు ఆనుకుని ఇదంతా చూసి, "ఏమండీ, బండి కొంటున్నారా, పెళ్ళి సంబంధం చూస్తున్నారా?" అని అడిగింది. ఫోనులో మా అత్తమ్మ, "ఒక్క సీటుది చాలు అల్లుడుగారూ, పెద్దదానికి మూడేళ్ళొచ్చాయి, చక్కగా నడిపించండి" అంది. కింద ఫ్లాటువాళ్ళూ అదే అన్నారు. లెక్క ప్రకారం వాళ్ళదే సరి. కానీ ఒట్టేసింది వాళ్ళు కాదు.

అసలు అడ్డంకి అమ్మ రూపంలో వచ్చింది. కోడలికి సాయంగా ఊరి నుంచి వచ్చిన మా అమ్మ, నా పట్టిక సంగతి విని ముక్కున వేలేసుకుంది. "పిల్లలేమన్న అరటిపండ్లారా, తోపుడు బండి మీద పెట్టి తిప్పనీకి? సంకలు లేవా మీకు?" అంది. అది హాస్యం. తర్వాత అన్నది హాస్యం కాదు. "కడుపులున్నదానికి ముందుగాల ఏది కొనొద్దు కొడుకా. గౌను గూడ తేవద్దు. మన ఇండ్లల్ల లేదు." మా ఆవిడ కూడా ఈ ఒక్క విషయంలో అత్తగారి పక్షమే, వాళ్ళ వైపూ అదే ఆచారమట. బాపట్లా నల్లగొండా ఒక్కటైతే నేను ఏ మూలకు? అయినా నేను రీజనింగ్ సారును. "అమ్మా, గిది పుట్టబోయేటోనికి కాదు. మన దొరసానికే. దానికి రెండు సీట్లు కావాల్నంట, ఒకటి కూసోనీకి, ఇంకోటి కాళ్ళు చాపనీకి" అన్నాను. అమ్మ నా వంక చూసి, "నీ సదువు గిందుకు పనికొచ్చిందా?" అంది. ఆ మాటలోనే ఒప్పుకోలు ఉంది. కానీ ఊరికే ఒప్పుకుంటే మా అమ్మ ఎందుకవుతుంది? "ఖాళీ ఉయ్యాల ఊపొద్దంటరు. గట్లనే ఖాళీ సీటు తోలుకుంట ఇంట్లకు రావద్దు. దొరసానిని ఒక దాంట్ల కూసోబెట్టు, ఇంకోదాంట్ల మంచి పండు గుమ్మడికాయ పెట్టుకోని రా. నిండుగ ఉంటది. తెల్లారి తీపికూర వండుత" అంది.

ఆదివారం పొద్దున్నే నేనూ దొరసానీ దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళాం. పిల్లల సామాన్ల దుకాణం నడిపే ఆమె మమ్మల్ని చూసి, "కవలలా సార్?" అని అడిగింది. "కాదు. ఒకరు వచ్చిండ్రు, ఒకరు రావాలె" అన్నాను. "గట్లయితే సింగిల్ సీటుది తీస్కోండ్రి, పాప మంచిగ నడుస్తది గద" అంది. లోకమంతా మా దొరసానిని నడిపించాలని కంకణం కట్టుకున్నట్టుంది. పక్కపక్క సీట్ల బండి చూపించింది, దొరసాని ఎక్కి కూర్చుని, చేతులు చాపి, ఇక దిగనంది. టేపు తీసి కొలిచాను. లిఫ్టు తలుపు కంటే మూడంగుళాలు ఎక్కువ. దాన్ని దింపేసరికి తాతలు దిగొచ్చారు. రెండోది ఒకదాని వెనక ఒకటి సీట్లున్నది. వెడల్పు సరిపోయింది. "ముందలది నాది" అని దొరసాని ఎక్కేసింది. "తోలి సూడుండ్రి సార్, వెన్న లెక్క పోతది" అంది దుకాణం ఆమె. దుకాణంలో నాపరాళ్ళ మీద నిజంగానే వెన్నలా పోయింది. బయటికి వస్తే ఫుట్‌పాత్ మీద గాజులవాళ్ళు, జీన్సు ప్యాంట్లవాళ్ళు, ఫోను కవర్లవాళ్ళు, వాళ్ళ మధ్య బేరాలాడే జనం. పది అడుగులు వెయ్యడానికి ఇరవై సార్లు "జర జరగుండ్రి" అన్నాను. మూడు పేజీల పట్టికలో 'తొయ్యడానికి దారి' అనే గడి గీయడం మర్చిపోయినట్టు అప్పుడు తెలిసింది. (ఫోనులో కాఫీ పట్టుకున్న ఆ పెద్దమనిషిని ఒక్కసారి ఇక్కడికి తీసుకురావాలనిపించింది.)

ఇక గుమ్మడికాయ. కూరగాయల బండ్లన్నీ తిరిగాను. పండు గుమ్మడికాయ ఎక్కడ చూసినా కోసిన ముక్కలే ఉన్నాయి. ముక్కను సీట్లో పెట్టుకుపోతే అమ్మ ఏమంటుందో ఊహించడానికి రీజనింగ్ అక్కర్లేదు. చివరికి కొబ్బరికాయలు, నిమ్మకాయలు, పచ్చిమిరపకాయల దండలు అమ్మే కొట్టు ముందు గుండ్రంగా, నిండుగా, ఒక్కొక్కటీ ఆరు నెలల పిల్లాడంతేసి బూడిద గుమ్మడికాయలు కనిపించాయి. గుమ్మడికాయ నిండుగా ఉంటుందని అమ్మ చెప్పింది. ఇది గుమ్మడికాయ. కాబట్టి ఇది నిండుగా ఉంటుంది. పరీక్షలో అయితే నాకు పూర్తి మార్కులు పడేవి. కొట్టాయన "కొత్త బండికా సార్?" అని అడిగాడు. "అవును, కొత్త బండే" అన్నాను. ఆయన నా వెనక కారు కోసం చూశాడు, స్కూటర్ కోసం చూశాడు, చివరికి దొరసానిని చూసి, కాయకు పసుపు పూసి ఎర్రగా బొట్టు పెట్టిచ్చాడు. నేను దాన్ని వెనక సీట్లో కూర్చోబెట్టి బెల్టు బిగించాను. ఎండ తగలకుండా నా చేతిరుమాలు టోపీలా కప్పాను. దొరసాని వెనక్కి తిరిగి, ఆ తెల్లటి బూడిదనూ, బొట్టునూ, టోపీనీ పరీక్షగా చూసింది. "తమ్ముడా?" అని అడిగింది. చేతినిండా సామాను, చుట్టూ హారన్లు, ఆ హడావుడిలో నేను "ఆఁ, తమ్ముడే" అనేశాను.

ఆ ఒక్క మాట ఎంత పని చేసిందో మెట్రో స్టేషన్‌లో తనిఖీ దగ్గర తెలిసింది. అక్కడి సెక్యూరిటీ ఆయన బండిని చూసి, గొంతు తగ్గించి, "బాబు పడుకున్నడా సార్? జర ఎత్తుకోండి, బండి సూడాలె" అన్నాడు. నేను ఎత్తుకున్నాను. "మెల్లగ నాన్న, మెడ పట్టుకో" అంది దొరసాని. రుమాలు జారింది. సెక్యూరిటీ ఆయన కాయను చూశాడు, నన్ను చూశాడు. "ఇది సామాన్ల లెక్క సార్. మిషన్ల వెయ్యాలె" అన్నాడు. "మా తమ్ముణ్ణి మిషన్ల వెయ్యొద్దు!" అని దొరసాని స్టేషన్ అదిరిపోయేలా అరిచింది. వెనక లైనులో నవ్వులు. ఆయనకూ ఇంట్లో ఇలాంటిది ఒకటి ఉండి ఉంటుంది, వేలి కణుపుతో కాయను రెండుసార్లు తట్టి, చెవి దగ్గర పెట్టి విని, "తమ్ముడు మంచిగున్నడు పో బిడ్డా" అని వదిలేశాడు.

రైల్లో జనం మాకు చోటిచ్చారు. పసిపిల్లలున్న బండి కదా. ఒక పెద్దావిడ తన సీటు ఇవ్వబోయింది కూడా, నేను సిగ్గుతో చచ్చి వద్దన్నాను. ఆవిడ వెనక సీటు వైపు వంగి, ముచ్చటగా, "ఎన్ని నెలలమ్మా తమ్ముడికి?" అని దొరసానిని అడిగింది. దొరసాని ఉన్న మాట చెప్పింది. "ఇంకా పుట్టలేదండీ." (ఆవిడ మాటతీరు చూసి అమ్మ భాషలోకి మారింది.) పెద్దావిడ నా వైపు చూసింది. నేను కిటికీ లోంచి చైతన్యపురి స్టేషన్ చూస్తున్నట్టు నటించాను. ఆవిడ రుమాలు ఎత్తి, "అయ్యో రామ!" అని వెనక్కి తగ్గింది. "ముట్టుకోవద్దండీ, పౌడరు పోతుంది" అంది దొరసాని. డబ్బా అంతా ఒక్కసారి గొల్లుమంది. పెద్దావిడ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది, నేనూ ఇక లాభం లేదని నవ్వాను. దొరసాని మాత్రం నవ్వలేదు. రైలు కుదిపినప్పుడల్లా మెడ తిప్పి వెనక్కి చూస్తోంది. రెండు స్టేషన్లు చూసింది. "నాన్న, తమ్ముణ్ణి ముందల కూసోబెట్టు. వెనకుంటే నాకు కనవడ్తలేడు" అంది. "ముందలది నీది గద బిడ్డా?" అన్నాను. "వాడు పడితే ఎట్ల?" అంది. బెల్టు విప్పి, నడుస్తున్న రైల్లో, అందరూ చూస్తుండగా, బూడిద గుమ్మడికాయకు మొదటి సీటు ఇచ్చి, నా కూతురిని వెనక సీట్లో కూర్చోబెట్టాను. అది ముందుకు వంగి, కాయ మీద చెయ్యి వేసి, ఎల్.బి.నగర్ దాకా తియ్యలేదు.

ఇంటి దగ్గర ఇంకో సంగతి బయటపడింది. లిఫ్టు తలుపు వెడల్పు కొలిచిన మహానుభావుడు లిఫ్టు లోపలి లోతు కొలవలేదు. ముందు సీటు లోపలికి పోయింది, వెనక సీటూ దొరసానీ బయటే ఉండిపోయారు. చివరికి మూడు అంతస్తులూ మెట్ల మీద మోశాను. దొరసాని దిగనంది. నేను దింపలేదు, ఒట్టు కదా. చెమటతో తడిసి ముద్దయి గుమ్మం ముందు నిలబడేసరికి, అమ్మ పళ్ళెంలో ఎర్రనీళ్ళు పట్టుకుని నవ్వుతూ తలుపు తీసింది. ముందు సీటు చూసింది. నవ్వు ఆగిపోయింది.

"ఓ కొడుకా! ఏం తెచ్చినవురా? దిష్టికాయ గదరా గిది! పగులగొట్టేదాన్ని తెచ్చి పసిపిల్ల సీట్ల కూసోబెడతరా ఎవరన్న?"

లోపల మంచం మీద నుంచి మా ఆవిడ నవ్వు వినిపించింది. నవ్వుతూనే "అమ్మో, నా కడుపు" అంటోంది. నేను గుమ్మడికాయలన్నిటి గురించీ నా వాదన మొదలుపెట్టాను. "నీ సదువు కాలబెట్ట, ముందుగాల కిందికి పోయి గేటు కాడ కొట్టి రా, అన్ని కీడులు గాడనే పోతయి" అంది అమ్మ. అదీ సబబుగానే తోచింది. బెల్టు విప్పి కాయను ఎత్తుకున్నాను. అప్పటిదాకా ఏ అంతస్తులోనూ దిగని దొరసాని, తన బెల్టు తానే లాక్కుని, వెనక్కి తిరిగి పాక్కుంటూ దిగి, వచ్చి నా మోకాళ్ళు పట్టుకుంది. ఏడవడం కూడా కాదు, బొంగురుగా, ఊపిరాడకుండా ఒకటే మాట. "కొట్టకు నాన్న. నా సీటు గూడ తమ్మునికే ఇస్త. రెండు వానికే. కొట్టకు."

ఎర్రనీళ్ళ పళ్ళెం పట్టుకున్న అమ్మ, కాయ పట్టుకున్న నేను, గోడ పట్టుకుని మెల్లగా గుమ్మం దాకా వచ్చిన మా ఆవిడ, ముగ్గురం అలాగే ఉండిపోయాం. ఏ పిల్ల చోటు పోతుందని నేను మూడు నెలలు కొలతలు కొలిచానో, ఆ పిల్లే తన చోటు తీసి ఇచ్చేస్తోంది, అదీ ఒక కాయకి. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెమట అని చెప్పాను, ఎవరూ నమ్మలేదు. అమ్మే ముందు తేరుకుంది. పళ్ళెం కింద పెట్టి, మనవరాలిని చంకనెత్తుకుని, "సరె తియ్యి బిడ్డా, కొట్టం. కొట్టకపోతే గుమ్మానికి కట్టాలె. ఇంటికి కావలుంటడు మీ తమ్ముడు" అంది. చిక్కం అల్లి ఆ కాయను తలుపు మీద కట్టింది తనే. రోజూ పొద్దున పాలు తాగి దొరసాని దానికి చెయ్యి ఊపేది. అసలు తమ్ముడు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు, వాణ్ణి కింద నుంచి పైదాకా చూసి, "వీడు చిన్నగున్నడు" అని పెదవి విరిచింది. కానీ ఆ రోజు నుంచి గుమ్మం కేసి తల ఎత్తలేదు. ఆ కాయ ఎప్పుడు తీసేశామో కూడా ఎవరికీ గుర్తులేదు.

ఆ బండి మీద ఇద్దరినీ ఏడాదిన్నర తిప్పాను. మెట్ల మీద మడిచి దించేవాణ్ణి, సందులో తెరిచేవాణ్ణి, గుంతల దగ్గర ఎత్తేవాణ్ణి. కీచుమనడం మొదలుపెట్టిన ఒక చక్రం ఎన్ని నూనెలు పోసినా మానలేదు. ముందు సీటు తమ్ముడిది, వెనకది దొరసానిది. తమ్ముడి టోపీ సర్దడం, వాడి చేతిలో బిస్కెట్టు వాడి కంటే ముందు తినడం, దారిన పోయేవాళ్ళకు వాణ్ణి పరిచయం చెయ్యడం, ఇవన్నీ వెనక సీటు నుంచే. ఒక సాయంత్రం స్టేషన్ రోడ్డులో "ఆపు నాన్న" అంది. చెరకురసం కోసమేమో అనుకుని ఆపాను. దిగింది. కాళ్ళు అప్పటికే నేలకు అందుతున్నాయి, నేను గమనించలేదు. "నేను నడుస్త" అంది. వచ్చి నా పక్కన నిలబడి, బండి పిడి ఒక వైపు పట్టుకుంది. నీయంతట నువ్వు దిగుత అనేదాక దింపనని ఒట్టేశాను కదా, అదే జరిగింది, నా మాట నెగ్గింది. ఇంటికొచ్చేదాకా మాత్రం "కాళ్ళు నొస్తున్నయా? ఎక్కుతవా?" అని ప్రతి మలుపులోనూ అడిగాను. మర్నాడూ అడిగాను. వారం రోజులు అడిగాను. "నేను పెద్దదాన్ని నాన్న" అని ఓపిగ్గా చెప్పేది, క్లాసులో వెనక బెంచీ పిల్లాడికి రెండోసారి చెప్పే టీచరులా. అదే ఆఖరిసారని ముందే తెలిసుంటే, ఆ చెరకురసం బండి దాటి ఇంకొంచెం దూరం తోసేవాణ్ణి. స్టేషన్ చుట్టూ ఇంకో చుట్టు తిప్పేవాణ్ణి. తెలియలేదు. ఏ తండ్రికి తెలుస్తుంది?

మొన్న ఆదివారం దొరసానికి స్కూలు బూట్లు కొనడానికి దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళాం. ఆరో తరగతి. ఇప్పుడు దొరసాని అంటే ఊరుకోదు, అందులోనూ పదిమందిలో. అక్కా తమ్ముడూ ఏదో పోట్లాడుకుంటూ నాకంటే పదడుగులు ముందు నడుస్తున్నారు. పిల్లల సామాన్ల దుకాణం ఇంకా అక్కడే ఉంది. బయట ఒక కుర్రాడు, పక్కన నిండు నెలల భార్య, ఫోనులో ఏదో చూస్తూ రెండు బండ్ల మధ్య తేల్చుకోలేక తంటాలు పడుతున్నాడు. నేను నిలబడి చూస్తుండడం గమనించి, "అన్నా, మీరు వాడిండ్రా గిసొంటిది? మంచిగ ఆగుతదా? ఎన్నేండ్లు వస్తది?" అని అడిగాడు. నాకు చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. చక్రాల గురించి, బెల్టుల గురించి, లిఫ్టు లోతు గురించి, మూడు పేజీలకు సరిపడా ఉన్నాయి. నోరు తెరిచాను. ముందు నుంచి నా కూతురు వెనక్కి తిరిగి, తమ్ముడి మెడ మీద చెయ్యి వేసి పట్టుకుని, "నాన్నా, తొందరగ రా, ఎక్కడ ఆగిపోయినవ్?" అని కేకేసింది.

"బండికేం గాదు తమ్మీ" అన్నాను. "పిల్లలే దిగిపోతరు."

అతను జోక్ అనుకుని నవ్వాడు. నేనూ నవ్వి, వాళ్ళను అందుకోవడానికి పెద్ద పెద్ద అడుగులు వేశాను.